అరవై నాలుగు గ్రాముల సంగటి

2017 ఆగస్టులో నేను హిందూపురం ప్రభుత్వ ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేరాను. అప్పటికి నా సర్వీసు ఇరవై రెండేళ్ళు. ఆ ఇరవై రెండేళ్ళూ గుంటూరు, తెనాలి వైపే గడిచాయి. బదిలీ ఉత్తర్వులో పని చేసే చోటు హిందూపురమని ఉన్నా నిజానికి పని మూడు ఊళ్ళలో. సోమ, గురువారాలు హిందూపురం, మంగళవారం పెనుకొండ, శుక్రవారం ధర్మవరం. బీపీ, షుగరు ఉన్నవాళ్ళ కోసం ఒక్కో ఊళ్ళో వారానికొక రోజు విడిగా ఓపీ నడిపేవారు. ఒక డాక్టరు, ఒక నర్సు, నేను కలిసి తిరిగేవాళ్ళం. మూడు ఊళ్ళూ ఒకే రైలు మార్గంలో ఉండటం వల్ల తిరగడం పెద్ద కష్టంగా ఉండేది కాదు.

ఆసుపత్రిలో డైటీషియన్ ఎక్కడ నిలబడుతుందో బయటివారికి తెలియదు. డాక్టరుకు కింద, నర్సుకు పక్కన, వంటశాలకు పైన. మందు రాయడానికి గాని, రాసిన మందు మార్చడానికి గాని మాకు అధికారం లేదు. రోగి ఏం తినాలో, ఎంత తినాలో కాగితం మీద రాసివ్వడం వరకే మా పని. ఆ కాగితాన్ని చాలామంది గుమ్మం దాటగానే మడిచి జేబులో పెట్టుకుంటారు. మళ్ళీ చొక్కా ఉతికేటప్పుడే అది బయటికి వస్తుంది. నన్ను మూడు ఊళ్ళలోనూ 'తిండి మేడం' అనేవారు. ఆ పేరు నాకు నచ్చింది కూడా.

మాతో వచ్చే డాక్టర్ రఫీ నాకంటే పదేళ్ళు చిన్న. కదిరి మనిషి. చేరిన రెండు నెలలకు ఆయన నన్ను కూర్చోబెట్టి ఒక విషయం చెప్పారు. ఫోన్లలో వీడియోలు చూసి జనం అన్నం, సంగటి పూర్తిగా మానేస్తున్నారు, మాత్రలు మాత్రం పాత మోతాదులోనే వేసుకుంటున్నారు, ఇది ప్రమాదం అన్నారు. మానొద్దంటే వినరు, తగ్గించుకోమంటే ఎంతకు అని అడుగుతారు. ఆ 'ఎంతకు' అనేదానికి మీరు ఒక్క కాగితం మీద జవాబు రాసివ్వండి, దాన్నిబట్టి నేను మాత్ర మోతాదు సరిచేసుకుంటాను అన్నారు. మంచి ఆలోచన. నేను ఆ రోజే మొదలుపెట్టాను.

లెక్క సంగతి కొంచెం చెప్పాలి. అన్నం, సంగటి, రొట్టె, దుంప, పండు, వీటన్నిటిలోనూ పిండిపదార్థం ఉంటుంది. అది కడుపులోకి వెళ్ళాక చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. ఏ పూట ఎన్ని గ్రాముల పిండిపదార్థం తింటున్నామో లెక్కపెట్టి దాన్ని ఒక హద్దులో ఉంచడాన్నే కార్బ్ కౌంటింగ్ అంటారు. ఇక్కడ అందరూ తడబడే చోటు ఒకటుంది. నలభై ఐదు గ్రాముల పిండిపదార్థం అంటే నలభై ఐదు గ్రాముల అన్నం కాదు. వంద గ్రాముల పచ్చి బియ్యంలో డెబ్భై ఎనిమిది గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. అదే బియ్యాన్ని వండితే నీళ్ళు పీల్చుకుని మూడింతల దగ్గరికి బరువెక్కుతుంది. కాబట్టి వంద గ్రాముల అన్నంలో ఇరవై ఎనిమిదే ఉంటుంది. నీళ్ళకు బరువుంది గాని పిండిపదార్థం లేదు. మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా ఇది తెలుసు.

డాక్టరూ నేనూ కలిసి మనిషికి పూటకు నలభై ఐదు గ్రాములని హద్దు పెట్టాం. అది అన్నం, సంగటి, రొట్టె లాంటి వాటి నుంచి మాత్రమే. పప్పు, ఆకుకూర, గుడ్డు, ఇక్కడివాళ్ళు చెనిక్కాయలనే వేరుశనగలు మామూలుగా తినవచ్చు. నేను ముప్పై పదార్థాలతో పట్టిక తయారుచేశాను. మొదటి ప్రతిలో బియ్యం, రాగిపిండి, జొన్నపిండి అని పుస్తకంలో ఉన్నట్టే రాశాను. మాతో వచ్చే నర్సు విజయమ్మ, హిందూపురంలోనే పుట్టి పెరిగిన మనిషి, అది చదివి పకపకా నవ్వింది.

"పిండి ఎవురు తింటారు మేడం? మావోళ్ళు తినేది సంగటి. సంగటి అని రాయండి" అంది.

నిజమే అనిపించింది. బియ్యం కొట్టేసి అన్నం అని రాసి, డెబ్భై ఎనిమిదిని ఇరవై ఎనిమిది చేశాను. రాగిపిండి కొట్టేసి రాగి సంగటి అని రాశాను. పక్కనున్న డెబ్భై మాత్రం అలాగే ఉండిపోయింది. అది పచ్చి పిండి లెక్క అని నాకు తెలుసు. కానీ నేను వరి తినే ప్రాంతం నుంచి వచ్చినదాన్ని. సంగటికి ఎన్ని నీళ్ళు పడతాయో, అందులో నూకలు ఎన్ని వేస్తారో నాకు తెలియదు. కనుక్కుని రాద్దామని ఆ అంకె పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. మర్నాడు విజయమ్మ కాగితాన్ని టైపింగుకు ఇచ్చింది. పెన్సిల్ గుర్తును అక్కడెవరూ పట్టించుకోలేదు. వాళ్ళ తప్పని అనను. ప్రూఫు చూసి కింద సంతకం పెట్టింది నేనే. నూట ఎనభై ప్రతులు తీయించాం.

ఆ తప్పును మొదట పట్టుకున్నది పెనుకొండ నారాయణరెడ్డి. డెబ్భై ఏళ్ళు దాటిన రైతు, పదెకరాల చెనిక్కాయ పొలం. ఎనిమిదేళ్ళుగా షుగరు. పట్టిక ఇచ్చిన వారానికే ఓపీకి వచ్చి కాగితం నా బల్ల మీద పరిచాడు.

"ఏం మేడం, అన్నానికి ఇరవై ఎనిమిది, సంగటికి డెబ్భై రాసినావు. అంటే సంగటి కంటే అన్నమే మేలంటావా? మా నాయన తొంభై ఏండ్లు సంగటి తిని బతికినాడు. ఈ కాయితంలో యాడో తప్పుండాది."

నేను చిరునవ్వు నవ్వాను. రాగి కూడా ధాన్యమే పెద్దయ్యా, ఆరోగ్యానికి మంచిదైనంత మాత్రాన పిండిపదార్థం లేకుండా పోదు అని ఓపిగ్గా చెప్పాను. ఆయన "సరేలే, నువ్వు చదువుకున్నదానివి" అని కాగితం మడుచుకుని వెళ్ళిపోయాడు. నేను చెప్పిన ప్రతి మాటా నిజమే, ఆయన అడిగినదానికి మాత్రం అది జవాబు కాదు. బయట ఇంకా ముప్పై మంది ఉన్నారు. ఒక్కసారి పట్టిక చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు.

ఆ శుక్రవారమే ధర్మవరంలో చౌడప్పకు పట్టిక ఇచ్చాను. ఆయన పట్టుచీరలు నేసే మనిషి, యాభై రెండేళ్ళు. మూడు నెలల సగటు చక్కెర చెప్పే పరీక్షలో తొమ్మిది దాటింది. ఏడు లోపు ఉంటే మాకు సంతృప్తి. చూపు మసకబారుతోందని వచ్చాడు. పడుగులో పోగు తెగితే కనిపించక భార్య రత్నమ్మను పిలవాల్సి వస్తోందట. నేతగాడికి చూపు పోతే చేతిలో పని పోయినట్టే. అందుకే ఆయన నా మాటలు వింటున్నప్పుడు ఓపీలో మామూలుగా కనిపించే ముఖం కాదు కనిపించింది. పరీక్షకు కూర్చున్న పిల్లవాడి ముఖం కనిపించింది.

"నలభై ఐదు అంటే తూకం వేసి తినల్లనా మేడం?" అని అడిగాడు.

తూకం వేస్తే మరీ మంచిది, లేకపోతే అందాజుగా అయినా ఫరవాలేదు అన్నాను.

"తూకం మా ఇంట్లోనే ఉండాది. పట్టు తూచేది. గ్రాము తేడా రాదు" అన్నాడు.

డాక్టరు ఆయనకు రోజూ పొద్దున వేసుకునే మాత్ర రాశారు. అది క్లోమాన్ని గట్టిగా పనిచేయించే మాత్ర. మనం తిన్నా తినకపోయినా అది చక్కెరను కిందికి లాగుతూనే ఉంటుంది. పూటకు నలభై ఐదు గ్రాములు కడుపులో పడతాయన్న లెక్కతోనే ఆ మోతాదు రాశారు. చెమట పట్టి చేతులు వణికితే వెంటనే మూడు చెంచాల చక్కెర గాని బెల్లం గాని నీళ్ళలో కలిపి తాగించమని నేను రత్నమ్మకు రెండుసార్లు చెప్పి, ఆమె చేత తిరిగి చెప్పించుకున్నాను. మొత్తం ఈ వ్యవహారంలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

మూడు వారాల తర్వాత ఒక శుక్రవారం, పదకొండు గంటల వేళ, ధర్మవరం ఓపీ ముందు ఆటో ఆగింది. రత్నమ్మ, ఇంకో ఇద్దరు కలిసి చౌడప్పను దింపారు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మనిషి తెలివిలోనే ఉన్నాడు గాని మాట ముద్దగా వస్తోంది. మగ్గం మీద కూర్చుని నేస్తూ నేస్తూ ముందుకు వాలిపోయాడట. రత్నమ్మ బెల్లం నీళ్ళు కలుపుతుంటే పక్కింటావిడ షుగరు మనిషికి బెల్లం పోస్తావా అని చెయ్యి పట్టుకుందట.

"నువ్వు పక్కకి పో అక్కా, ఆస్పత్రి మేడం చెప్పిండాది అని తాపేసినా" అంది రత్నమ్మ, ఇంకా ఆయాసపడుతూనే.

విజయమ్మ వేలి కొన మీద సూది గుచ్చి యంత్రంలో చూసింది. బెల్లం నీళ్ళు తాగాక కూడా యాభై ఎనిమిది. మాకు డెబ్భైకి దిగితే కంగారు మొదలవుతుంది. బెల్లం నీళ్ళు పోయకముందు ఎంత ఉండేదో ఊహించడానికి కూడా నాకు ఇష్టం లేకపోయింది. డాక్టరు చేతి నరానికి గ్లూకోజు పెట్టించారు. పావుగంటలో మాట స్పష్టమైంది, అరగంటకు లేచి కూర్చుని కాఫీ అడిగాడు.

అప్పుడు డాక్టరు, పొద్దున ఏమీ తినకుండా మాత్ర వేసుకున్నావా అని అడిగారు. ఎవరైనా అదే అడుగుతారు. నేనూ అదే అనుకున్నాను. మా వృత్తిలో ఒక అలవాటుంది. రోగి ఒక ఇడ్లీ తిన్నానంటే రెండని రాసుకుంటాం, పథ్యం సరిగ్గా చేశానంటే సగం చేశాడని రాసుకుంటాం. నేను కొంచెం గట్టిగానే, భోజనం మానకూడదని చెప్పాను కదా అన్నాను.

చౌడప్ప ముఖం ఎర్రబడింది. "ఒక్క పూట మానలేదు మేడం. మీరు రాసిచ్చిన లెక్కే. అరవై నాలుగు గ్రాముల సంగటి. ఒక గ్రాము ఎక్కువా లేదు, తక్కువా లేదు. మూడు పూటలా" అన్నాడు.

అన్నం తినవచ్చు కదా అంటే, అన్నం తింటే మగ్గం మీద నిద్ర వస్తుందన్నాడు. రత్నమ్మ సంచిలోంచి ఒక స్కూలు నోట్‌బుక్ తీసింది. ప్రతి పేజీలో తేదీ, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. అన్నిచోట్లా అరవై నాలుగు. నేను ఇరవై రెండేళ్ళలో ఎన్నో ఆహారపు నోట్‌బుక్కులు రాయించాను. ఇలాంటిది ఒక్కటీ చూడలేదు. వందకు డెబ్భై అయితే నలభై ఐదుకు ఎంత? అరవై నాలుగు. లెక్క సరిగ్గా చేశాడు. నాకు అప్పటికీ తట్టలేదు.

ఆ రోజు ఎలాగూ ఓపీకి రావాల్సిన రోజే కాబట్టి, ఆసుపత్రిలో పొద్దు పోతుందేమోనని రత్నమ్మ ముందే కట్టి ఉంచిన మధ్యాహ్నం తిండి డబ్బా కూడా తెచ్చింది. ఆమె మూత తీసి నా ముందుకు చాచింది.

"చూడండి మేడం, ఈయప్పకి పెట్టేది ఇదే. మా ఇంట్లో పిల్లి గూడా దీనికంటే రోంత ఎక్కువ తింటాది."

పెద్ద నిమ్మకాయంత సంగటి ముద్ద. డబ్బాలో ఒక మూలకు ఒదిగి ఉంది. దాని పక్కన పప్పు, ఆకుకూర బాగానే ఉన్నాయి. ఆ ముద్దను చూడగానే నాకు నా పెన్సిల్ ప్రశ్నార్థకం గుర్తొచ్చింది. అది పచ్చి పిండి లెక్క. చౌడప్ప నలభై ఐదు తింటున్నాననుకున్నాడు, డాక్టరు నలభై ఐదు తింటున్నాడనుకున్నారు. ఆ ముద్దలో ఉన్నది అందులో మూడో వంతుకు అటూ ఇటుగా ఉంటుంది, అంతే.

డాక్టరును పక్కకు పిలిచి, తప్పు చౌడప్పది కాదు, నాది అని చెప్పాను. పట్టిక చూపించాను. రఫీ అంకెలు రెండుసార్లు చదివి, ఎన్ని పంచాం అని మాత్రం అడిగారు. నూట ఎనభైలో దాదాపు అన్నీ అన్నాను. వెనక్కి తీసుకోవాలి అన్నారు. చౌడప్ప మాత్రను సగానికి తగ్గించి, మూడు రోజులు రోజూ చక్కెర చూపించుకోమని రాశారు.

చౌడప్పకు చెప్పాల్సింది మాత్రం నేనే. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, కాగితంలో నేను తప్పు రాశానని, దానివల్లే ఆయనకు ఇలా అయిందని చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. వచ్చినా న్యాయమే.

"అంటే నేను సరిగ్గానే తూచినా కదా?" అన్నాడు.

సరిగ్గానే తూచారు అన్నాను.

ఆయన భార్య వైపు తిరిగి, "చూస్తివా? రెండు దినాల నుంచి నీ తూకమే తప్పుండాదేమో అంటాండావు" అన్నాడు. రత్నమ్మ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. విజయమ్మ నవ్వింది. నాకు నవ్వాలో లేదో తెలియలేదు, కానీ నవ్వు వచ్చింది.

సరైన అంకె ఏ పుస్తకంలోనూ వెతకదలచుకోలేదు. మర్నాడు రెండో శనివారం, సెలవు. పొద్దున బండికి ధర్మవరం వెళ్ళి రత్నమ్మ వంటింట్లో కూర్చున్నాను. పద్ధతి చాలా తేలిక. ఖాళీ గిన్నె తూచాం. పావుకిలో రాగిపిండి, వంద గ్రాముల నూకలు తూచి పెట్టుకున్నాం. రత్నమ్మ నూకలు ఉడికించి, పిండి పోసి, మూత పెట్టి, ఆ తర్వాత గిన్నెను కాళ్ళతో అదిమిపట్టి కట్టెతో గెలికిన తీరు చూస్తే ఈ పని చేసే మనిషికి వ్యాయామం గురించి ఉపన్యాసం ఇవ్వకూడదని అర్థమైంది. దించాక గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేశాం. సంగటి కిలో మీద అరవై గ్రాములు తూగింది. పిండిలోనూ నూకల్లోనూ కలిపి పిండిపదార్థం రెండు వందల యాభై గ్రాముల పైచిలుకు. దాన్ని సంగటి బరువుతో భాగిస్తే వంద గ్రాములకు ఇరవై నాలుగు.

ఆస్పత్రి మేడం సంగటి తూస్తాండాదని వీధిలో తెలిసిపోయింది. పదిన్నరకు గుమ్మంలో ఏడుగురు ఆడవాళ్ళు. పక్కింటావిడ, చౌడప్పకు బెల్లం వద్దన్న ఆవిడే, రత్నమ్మ సంగటి నీళ్ళు నీళ్ళుగా ఉంటుందని, దాంతో లెక్క కట్టకూడదని గట్టిగా వాదించింది. "మా ఇంటి సంగటి గోడకి కొడితే గోడ పగులుతాది, అది తూచు మేడం" అంది. ఆవిడ చెప్పినదాంట్లో విషయం ఉంది. నేను నాలుగిళ్ళకు వెళ్ళాను. ప్రతి ఇంట్లోనూ వండేముందు తూచి, దించాక తూచాను. మెత్తటి సంగటి ఇరవై మూడు, గోడ పగిలే సంగటి ఇరవై ఎనిమిది. మధ్యలో పాతిక అని తీసుకున్నాను. నాలుగిళ్ళలోనూ రుచి చూడమన్నారు. రెండో ఇంట్లో చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడితో, మూడో ఇంట్లో అనపగింజల పితికిపప్పు కూరతో. ఆ రోజు నేను తిన్న పిండిపదార్థం ఎంతో లెక్కపెట్టలేదు.

పాతిక ప్రకారం చౌడప్ప వాటా పూటకు నూట ఎనభై గ్రాములు. రత్నమ్మ అంత ముద్ద చేసి తూచి పళ్ళెంలో పెట్టింది. ఆయన దాన్ని చేత్తో ఎత్తి చూసుకున్నాడు.

"ఇంత తినొచ్చునా మేడం?"

తినాలి అన్నాను.

"మూడు వారాలు నిమ్మకాయ మింగి బతికినా గదప్పా" అని, ఇక ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నాడు.

సోమవారం సూపరింటెండెంటుకు వివరణ రాసిచ్చాను. ఎవరి తప్పు, ఎలా జరిగింది, ఎవరికి ఏమైంది, ఏం చేయబోతున్నాం అని నాలుగు పేరాలు. ఆయన అది చదివి, పాత పట్టిక తీసేసి కొత్తది ఇస్తే సరిపోతుంది కదా, తప్పని కాగితం మీద వేయడం ఎందుకు అన్నారు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు. ఆసుపత్రి కాగితం మీద నమ్మకం పోతుందని ఆయన భయం. పాతది ఇంట్లో ఉన్నవాళ్ళకు రెండిట్లో ఏది సరైనదో తెలియాలి కదా అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, సంతకం చేశారు. కొత్త పట్టిక మీద మొదటి వాక్యం ఇలా పడింది: 'పాత కాగితంలో రాగి సంగటి లెక్క తప్పు. దాన్ని తిరిగి ఇచ్చి ఇది తీసుకోండి.'

ఆ తర్వాత నెల రోజులు రిజిస్టరు ముందు పెట్టుకుని విజయమ్మా నేనూ ఫోన్లు చేశాం, దొరకనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళాం. ఆ తిరుగుడులో నాకు తెలిసిన సంగతి నా వృత్తి గౌరవానికి అంత మంచిది కాదు. చౌడప్ప తప్ప ఇంకెవరూ తూకం వేయలేదు. ఒకరింట్లో పట్టిక అలమారలో డబ్బాల కింద పరిచి ఉంది. ఒకాయన శుభ్రంగా ప్లాస్టిక్ తొడుగు వేయించి గోడకు తగిలించి, దాని కిందే కూర్చుని రెండు పెద్ద ముద్దలు తింటున్నాడు. జనం నా మాట వినకపోవడం వల్లే క్షేమంగా ఉన్నారు. హిందూపురంలో ఒకామె మాత్రం సంగటికి డెబ్భై అని చూసి, సంగటి మానేసి కడుపునిండా అన్నం తినడం మొదలుపెట్టింది. ఆమెకు చక్కెర పెరిగింది. ఆమెకు క్షమాపణ చెప్పి, సంగటి తిరిగి ఇచ్చాను. ఆమె దాన్ని బంగారం తిరిగి ఇచ్చినంత సంతోషంగా తీసుకుంది.

పెనుకొండ నారాయణరెడ్డి ఇంటికి మంగళవారం ఓపీ అయ్యాక వెళ్ళాను. వసారాలో విత్తనపు చెనిక్కాయలు వొలుస్తూ కూర్చున్నాడు. మీరు చెప్పిందే నిజం, ఆ కాగితంలో తప్పుంది అని నిలబడే చెప్పాను.

"నేను ఆ పొద్దే చెప్పలా?" అన్నాడు.

చెప్పారు, నేను వినలేదు అన్నాను.

ఆయన పాత కాగితం వెతకమని ఇంట్లోవాళ్ళకు కేకేశాడు. దొరకలేదు. కొత్తది తీసుకుని, దూరంగా పట్టుకుని, మొదటి వాక్యం పైకి చదివాడు. తర్వాత సంగటి దగ్గర వేలు పెట్టి, పాతికా, అన్నానికి ఇరవై ఎనిమిదా, ఇప్పుడు కుదిరింది అన్నాడు.

"తప్పని చెప్పేదానికి రైలు దిగి, ఎండలో ఇంతదూరం నడిచి వస్తివా? కూచో. ఎనిమిదేండ్ల నుంచి డాక్టర్లు చెప్తాండారు, ఎవురి మాటా నేను వినలా. ఇప్పుడు నువ్వు చెప్పు, వింటా. నా ముద్ద ఎంతుండల్ల?"

ఆయన ముద్ద ఎంతుందో తెచ్చి చూపించమన్నాను. తెచ్చారు. నాలుగు వందల గ్రాములకు తక్కువ ఉండదు. సగానికి తగ్గించాలనేసరికి కొంచెం బాధపడ్డాడు గాని, మూడు రోజుల తర్వాత తగ్గించానని విజయమ్మకు ఫోన్ చేయించాడు.

ఏప్రిల్‌లో చౌడప్ప మూడు నెలల సగటు ఏడు పాయింట్ రెండుకు దిగింది. మాత్ర సగం మోతాదు మీదే నడిచింది. కంటి డాక్టరు కళ్ళలో నరాలు పాడవలేదని, చక్కెర హెచ్చుతగ్గుల వల్లే మసక వచ్చిందని రాశారు. ఇప్పుడు పోగు తెగితే ఆయనే ముడి వేసుకుంటున్నాడని రత్నమ్మ చెప్పింది. వీధిలో మిగతా ఆడవాళ్ళు కూడా పట్టు తూచే తక్కెడ కోసం వస్తున్నారని, మధ్యాహ్నం పన్నెండయితే తమ ఇల్లు రేషను షాపులా ఉంటుందని ఫిర్యాదు చేసింది. ఆమె ముఖం చూస్తే అది ఫిర్యాదులా లేదు.

నేను 2022లో పదవీ విరమణ చేశాను. ఈ ఉదంతం తర్వాత నా పనిలో రెండు అలవాట్లు మారాయి. రోగి చెప్పినట్టే చేశానన్నప్పుడు ముందు అది నిజమని అనుకుని, నేనేం చెప్పానో చూసుకునేదాన్ని. నా మాట వినని నూట డెబ్భై మంది వల్ల నా తప్పు బయటపడలేదు. తు.చ. తప్పకుండా విన్న ఒక్క మనిషి వల్ల బయటపడింది, ఆయన ప్రాణం మీదికి వచ్చాక. పట్టికను పరీక్షించేది అలాంటి మనిషి. రాసేటప్పుడు అతన్నే మనసులో పెట్టుకుని రాయాలి. రెండోది, ఏ పట్టికనైనా పంచేముందు ఒక వారం పాటు నేనే దాని ప్రకారం వండి, తూచి, తిన్నాను. వాటిలో సగం మూడో రోజు దాటకుండానే దిద్దాల్సి వచ్చింది.